జీతం ఎంతో కాగితం మీద రాయండి

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పుల లెక్కలు మా బుక్ కీపర్ చదివేసింది కాబట్టి వాటి జోలికి పోము. మేము చెప్పేది మా సంఘం భవనం గోడ మీద అంటించే కాగితాల గురించి.

పోయిన వేసవిలో పట్నం నుంచి ఒక కుట్టు కంపెనీ వాళ్లు వచ్చి కాగితం అంటించారు. 'కుట్టుపని వచ్చిన మహిళలు కావలెను. ఆకర్షణీయమైన జీతం.' అంతే. ఎంత అని ఫోన్ చేస్తే "ముందు రండమ్మా, మాట్లాడుకుందాం" అన్నారు. సంతలో వంకాయలకైనా కిలో ఎంత అని అడిగాకే సంచి తెరుస్తాం గదా! అయినా మా వాళ్లు ఇద్దరు వెళ్లారు. ఒకామెకు 12,000 అన్నారు, రెండో ఆమెకు 10,500. ఒకే మిషను, ఒకే పని. రెండో ఆమె అంతకుముందు చోట ఎంత వచ్చేదో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. దాని మీద ఐదొందలు వేసి సరిపెట్టారు.

12,000 అన్నామెకూ చేతికి అంత రాలేదు. మొత్తం బేసిక్ కిందే చూపారు కాబట్టి పి.ఎఫ్. నూటికి 12 చొప్పున 1,440, ఇ.ఎస్.ఐ. నూటికి 75 పైసల చొప్పున 90 పోయి 10,470 వచ్చింది. పి.ఎఫ్. మన డబ్బే, మంచిదే. కానీ ఆ లెక్క ముందు తెలియక, ఆమె 12,000 చేతికొస్తుందనుకుని పెద్ద కిస్తీకి ఒప్పుకుని అప్పు తీసుకుంది. రెండు నెలలు కిస్తీ తప్పింది. గ్రూపంతా కలిసి సర్దాం.

ఒకే పనికి ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే వేతనం ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. పక్కవాళ్లకెంతో తెలియకపోతే తేడా ఉందని ఎట్లా పట్టుకుంటాం?

అందుకని జీతం, కోతలు పోను చేతికొచ్చేది, పని గంటలు రాయని కాగితం మా గోడ మీద అంటించనివ్వొద్దని తీర్మానం రాశాం. సంతకాలు పెడుతుంటే వెనక నుంచి ఒక చెల్లెలు లేచి, "అక్కా, మనం బుక్ కీపర్ కావాలని కాగితం పెట్టినప్పుడు ఎంతిస్తామో రాశామా?" అంది. రాయలేదు. 'గౌరవ వేతనం ఇవ్వబడును' అని ఊరుకున్నాం. తక్కువకు ఒప్పుకునే పిల్ల దొరుకుతుందేమోనని మాకూ ఆశ ఉండింది, దాచడమెందుకు. అదే తీర్మానంలో మా సంఘాన్నీ చేర్చాం. ఇప్పుడు బుక్ కీపర్‌కు నెలకెంతో తలుపు పక్క బోర్డు మీద రాసి ఉంది.

మన సమాఖ్య ఆఫీసుకు కంప్యూటర్ పనికి మనిషిని తీసుకుంటారని విన్నాం. ఆ ప్రకటనలో అంకె వేయమని పెద్దలను ఈ సభలోనే అడుగుతున్నాం.