పండుగ తీపీ, రోజువారీ చాయ్
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద ప్రసంగం అనగానే "ఇక బిర్యానీ మానమంటారు, షీర్ ఖుర్మా వద్దంటారు" అని వెనక వరుసలో గుసగుసలు మా చెవిన పడ్డాయి. కంగారు పడకండి, మేము అందుకు రాలేదు. ఖుర్ఆన్‌లో అల్ అఅరాఫ్ సూరా 31వ ఆయతు తినమని, తాగమని చెబుతూనే మితిమీరవద్దని హెచ్చరిస్తున్నది. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మిగిలింది ఊపిరికి అన్న ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి మాట మనందరికీ తెలిసిందే.

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర వ్యాధి ఉన్నదని 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే తేల్చింది. నరసరావుపేట అయినా, మాచర్ల అయినా, గురజాల అయినా, అమ్మీకో నానాకో సుగర్ బిళ్ళలు తేని ఇళ్ళు తక్కువే. అలాంటి ఇంట్లో పండుగనాడు జరిగేదేమిటి? పెద్దాయన గిన్నెలో షీర్ ఖుర్మా పోయరు. అందరూ తాగుతుంటే ఆయన చూస్తూ కూర్చుంటాడు. మధ్యాహ్నం అందరూ కునుకు తీశాక వంటింట్లోకి వెళ్ళి రెండు గిన్నెలు లాగిస్తాడు! చాటుగా తిన్నదానికి లెక్క ఉండదు కదా.

అదే పెద్దాయన రోజూ అయిదు చాయ్‌లు తాగుతాడు. కప్పుకు రెండు చెంచాలంటే 10 గ్రాముల చక్కెర. అయిదు కప్పులకు 50 గ్రాములు. పైనుంచి కలుపుకునే చక్కెర రోజుకు 50 గ్రాములకు మించరాదని, 25 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆ లెక్క కూడా ఆరోగ్యవంతులకే. ఏడాదికి రెండుసార్లు వచ్చే ఈద్ మీద మనకు కోపం, ఏడాదంతా తాగే చాయ్ మీద మాత్రం లేదు. ఇది మాకు న్యాయంగా తోచలేదు.

చాయ్ ఆకు మంచిదే. గుండెకూ రక్తనాళాలకూ మేలు చేసే పదార్థాలు అందులో ఉన్నాయి. చిక్కు చక్కెరతోనూ, తాగే వేళతోనూ. అన్నం తిన్న వెంటనే తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తం తక్కువగా ఉన్న ఆడపిల్లలు, బాలింతలు గంట ఆగి తాగాలి. ఇక కూల్ డ్రింకు సంగతి. 300 మిల్లీలీటర్ల సీసాలో 30 గ్రాముల చక్కెర ఉంటుంది, పోషణ సున్న. దాని తరఫున వాదించడానికి మాకేమీ దొరకలేదు.

షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. పేరులోనే తీపి ఉన్నది గదా, మళ్ళీ పంచదార కుమ్మరించడమెందుకు? ఖర్జూరం బాగా వేసి పంచదార సగానికి తగ్గించి చూడండి. బాదం, పిస్తా, సారపప్పు ఎలాగూ మంచి కొవ్వు గలవే. గిన్నె మాత్రం చిన్నదిగా ఉండాలి. చిన్న ఖర్జూరంలో 20, 25 కాలరీలు, పెద్ద మెడ్జూల్ పండులో 65 దాకా ఉంటాయి. పీచు, పొటాషియం కూడా ఉన్నాయి. ఇఫ్తార్‌కు మూడు చాలు, డబ్బా ముందు పెట్టుకుని కూర్చోరాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు అవి కూడా డాక్టరును అడిగే తినాలి.

హలీమ్ సంగతి వేరు. హైదరాబాదు హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోధుమ, మాంసం, పప్పులు గంటల తరబడి ఉడికి మెత్తబడతాయి గనుక ఒక చిన్న గిన్నెడు తింటే మాంసకృత్తులు అందుతాయి, ఆకలి చాలాసేపు ఆగుతుంది. పైన తేలే నెయ్యి మాత్రం చెంచాతో పక్కకు తీయండి.

మన పల్నాటి మిరపకాయను మరువలేము. హంగరీ శాస్త్రవేత్త సెంట్ గ్యోర్గీ మిరప జాతి కాయలలోంచే సి విటమిన్ను పెద్దమొత్తంలో తీశాడు, 1937లో నోబెల్ బహుమతి పొందాడు. అయితే ఇది పచ్చి కాయ గొప్పతనం. మరిగిన నూనెనే మళ్ళీ మళ్ళీ మరిగించి వేసే బజ్జీకి ఆ పేరు చెప్పుకోరాదు!

మరొక ముఖ్యమైన మాట. ఇన్సులిన్, సుగర్ మాత్రలు వాడేవారు రంజాన్‌కు నెల ముందే డాక్టరు వద్దకు వెళ్ళి మోతాదు, వేళ మార్పించుకోవాలి. ఉపవాసంలో చెమటలు పట్టి, వణుకు వచ్చి, కళ్ళు తిరిగితే వెంటనే రోజా విరమించాలి. రోగికి ఆ సడలింపు ధర్మమే ఇచ్చింది. రోజా విరమించిన పెద్దలను ఇంట్లో ఎవరూ చిన్నచూపు చూడవద్దు.

ఈ సభ ముగియగానే చాయ్ వస్తుంది. కార్యవర్గం వారిని అడిగి చిన్న కప్పులు తెప్పించాము, చక్కెర వేరే గిన్నెలో పెట్టించాము. చెంచా ఒక్కటే ఉన్నది, కాస్త వరుసలో రండి.