పాత పత్రికల ప్రకటనలు – మన ఇంటి ముచ్చట్లు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పత్రిక చేతికి రాగానే మనం సీరియల్ చదివేవాళ్ళం, ప్రకటనలు దాటేసేవాళ్ళం. ఇన్నేళ్ళకు ఆ సీరియళ్ళు చాలామందికి గుర్తులేవు. తలనొప్పి మందు సీసా, సబ్బు బిళ్ళ, రేడియో బొమ్మలు మాత్రం కళ్ళకు కట్టినట్లున్నాయి. అటువంటి ఒక పాత పేజీని నలుగురి మధ్య పెట్టి చూడండి. పది నిమిషాల్లో ఎవరి ఇంటి కథ వారు చెప్పడం మొదలుపెడతారు.

తెలుగులో ప్రకటనకూ పత్రికకూ ఉన్న చుట్టరికం చాలా పాతది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం స్థాపించారు. ఆ ఊరిలోనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసు నుండి దినపత్రికగా నడిపారు. 1924లో ‘భారతి’ని తెచ్చారు. తలనొప్పి మందు మీద వచ్చిన రాబడి తెలుగు సాహిత్యానికి అండగా నిలిచిందన్నమాట. లోధ్ర మందుకు పేరుపొందిన కేసరి కుటీరం కేసరిగారు కూడా 1928లో ‘గృహలక్ష్మి’ పత్రికను ప్రారంభించారు.

మన సీమవారికి ఇందులో ఇంకొక సంగతి ఉంది. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు ఒడంబడిక చేసుకున్నది మద్రాసులో పంతులుగారి ఇల్లు ‘శ్రీబాగ్’లోనే. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. అంతవరకు బళ్ళారి జిల్లాలో ఉన్న మన ఆదోని తాలూకా ఆనాడే ఆంధ్రలో చేరింది. అమృతాంజనం ప్రకటన చూపించి మనుమలకు ఇంత చరిత్ర చెప్పవచ్చు.

ధరల సంగతి చూడండి. పాత ప్రకటనలో ‘పది అణాలు’ అని ఉంటే, “అవ్వా, అణా అంటే ఏంది?” అని పిల్లలు అడుగుతారు. రూపాయికి పదహారణాలని, 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి నూరు నయాపైసలయ్యాయని చెప్పాలి. ‘పదహారణాల తెలుగు’ అనే మాట ఎక్కడిదో అప్పుడు వారికి తెలుస్తుంది. రేడియో ప్రకటన చూపిస్తే, దానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాళ్ళమంటే నమ్మరు. బెంగుళూరులో 1961లో తయారీ మొదలైన హెచ్.ఎం.టి. గడియారాల కథ చెప్పడానికి మనలో చాలామంది చేతికున్న గడియారమే సాక్ష్యం. ఆ గడియారాల కంపెనీ మూతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది.

ప్రకటనల్లో కనబడని వారి సంగతి కూడా అనుకోవాలి. మిల్లుగుడ్డలకు పేజీ నిండా రంగుల బొమ్మ వేయించే స్తోమత ఉండేది. ఎమ్మిగనూరు మగ్గం మీద కూర్చున్న నేతగానికి ఆ స్తోమత ఎక్కడిది? మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పారు. ఒక్కొక్క నేతగాడు ఒంటరిగా చేయలేని పనిని పదిమంది కలిసి చేయడం అందులోని కిటుకు. అలాగే ఆదోని మార్కెట్టులో పత్తి అమ్మిన రైతు బొమ్మ కూడా గుడ్డల ప్రకటనలో కనబడదు. పాత పేజీ చూసేటప్పుడు ‘ఇందులో ఎవరు లేరు?’ అని పిల్లలను అడగండి.

ఇక మందుల ప్రకటనలు. ఒకే సీసాతో సర్వరోగాలూ మాయమని ఆనాడు నిర్భయంగా అచ్చువేసేవారు. అందుకే 1954లో కేంద్రప్రభుత్వం చట్టం తెచ్చింది. మధుమేహం, క్యాన్సర్, కంటిశుక్లాలు, పక్షవాతం వంటి జబ్బులను నయం చేస్తామని మందుల ప్రకటన ఇవ్వడం దాని ప్రకారం నేరం. అవే మాటలు ఈనాడు మన సెల్‌ఫోన్లలోకి వచ్చి పడుతున్నాయి. ‘షుగరు శాశ్వతంగా నయం’ అని కనబడితే, పాత సీసా ప్రకటనను గుర్తు తెచ్చుకోండి. డాక్టరు రాసిచ్చిన మాత్రలు మాత్రం మానకండి. పెన్షను డబ్బుకూ ప్రాణానికీ సంబంధించిన మాట ఇది.

చివరగా ఒక మనవి. అటక మీది కట్టను తూకానికి వేసే ముందు ఒక్కసారి విప్పండి. ప్రకటనలను కత్తిరించకండి, పేజీ చినిగితే పత్రిక పేరు, తేదీ పోతాయి. పేజీని ఫోటో తీసి, పత్రిక పేరు, నెల, సంవత్సరం రాసి, హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్న పిల్లలకు పంపండి. కింద ఒక్క ప్రశ్న రాయండి: ‘ఇది మన ఇంట్లో ఎవరు వాడేవారో తెలుసా?’ అని. ‘తిన్నారా, మందులు వేసుకున్నారా’ అనే రెండు మాటలతో ముగిసే ఫోను ఆ రోజు అరగంట సాగుతుంది. మన వయసులో అంతకన్నా కావలసింది ఏముంది?