పది కంప్యూటర్ల సంగతి



నిరుడు ఇదే సభలో మేము మిమ్మల్ని పది కొత్త కంప్యూటర్లు అడిగాం. ఈ ఏడు ఆ కోరిక వెనక్కి తీసుకోవడానికి మీ ముందు నిలబడ్డాం. కారణం చెప్పాలంటే కొంచెం యంత్రాల గొడవ మాట్లాడాలి. ఓపిక పట్టండి.

మన శిక్షణ కేంద్రంలో 14 కంప్యూటర్లున్నాయి. అన్నీ మీరు ఇచ్చినవే. వాటి మీద ఆడపిల్లలు షాదీ కార్డులు, షాపుల బోర్డులు, పాంప్లెట్లు తయారుచేయడం నేర్చుకుంటున్నారు. ఈ డిజైన్ సాఫ్ట్‌వేర్లు బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి కాబట్టి విడిగా ఎక్కించుకునే పని లేదు. చిక్కల్లా, మౌస్‌తో ఒక పువ్వును పక్కకు లాగితే అది రెండు క్షణాలకు గానీ కదిలేది కాదు. పెద్దది చేసి చూద్దామంటే తెర బిగుసుకుపోయేది.

ముందు నెట్‌ను అనుమానించాం. మీ డబ్బుతోనే ఎక్కువ స్పీడు కనెక్షన్ పెట్టించాం. ఏమీ మారలేదు. ఫైలు పూర్తిగా తెరుచుకున్నాక ఒక్క నిమిషం నెట్ ఆపేసి బొమ్మను జరిపి చూసి ఉంటే, అప్పుడూ అంతే నెమ్మదిగా ఉంటే, తప్పు నెట్‌ది కాదని అప్పుడే తెలిసేది. కానీ ఖర్చు చేసే ముందు అది చూడాలని మాకు తోచలేదు.

ఈలోపు ఒక అమ్మాయి రావడం మానేసింది. "నా చేతికి ఈ పని రాదు మేడం" అంది. ఇంకా ప్రాక్టీసు చెయ్యమని చెప్పిన వాళ్లం మేమే. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాం, పిల్ల తప్పా పలక తప్పా అని ముందు చూడాలని మాకే గుర్తు లేకపోయింది.

తర్వాత మా పాత విద్యార్థి ఒకతను వచ్చి చూపించాడు. కంప్యూటర్‌లో లెక్కలు చేసే ప్రాసెసర్ ఒకటి, తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్ ఒకటి ఉంటాయట. బ్రౌజర్‌కు ఆ రెండోది అందకపోతే బొమ్మల పని కూడా ప్రాసెసర్ మీదే పడుతుంది. దావత్‌కు బిర్యానీ వండే బావర్చీనే వడ్డించమని, గిన్నెలూ తోమమని అన్నట్టు. క్రోమ్‌లో పైన అడ్రస్ రాసే చోట క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, జీపీయూ అని ఇంగ్లీషులో కొడితే ఒక పేజీ వస్తుంది. అందులో వెబ్‌జీఎల్ అనే వరుస ఎదుట "సాఫ్ట్‌వేర్ ఓన్లీ" అని ఉందంటే చిప్ ఖాళీగా కూర్చుందన్నమాట. మా 14లో 14కూ అదే ఉంది!

తొమ్మిదింటిలో విండోస్ మళ్లీ ఎక్కించినప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ వేయలేదు. డివైస్ మేనేజర్‌లో చిప్ పేరుండాల్సిన చోట "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంది. కంప్యూటర్ తయారుచేసిన కంపెనీ సైటులో మోడల్ నంబరు చూసి డ్రైవర్ దించుకున్నాం. అది ఉచితమే. మూడింటిలో డ్రైవర్ ఉంది గానీ, క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సెలరేషన్ అనే మీట ఎవరో ఆపేశారు. మీట వేసి బ్రౌజర్ మూసి తెరిస్తే సరిపోయింది. మిగిలిన రెండింటి చిప్‌లు మరీ పాతవి, బ్రౌజరే వాటిని వాడుకోదు. వాటిని టైపింగ్‌కు పెట్టాం.

పిల్లల అలవాట్లలోనూ కొంత ఉంది. ఫోన్‌లో తీసిన ఫొటో మూడు నాలుగు ఎంబీలే కదా అని అలాగే పది పెట్టేస్తారు. 12 మెగాపిక్సెల్ ఫొటో తెరిచాక మెమరీలో దాదాపు 48 ఎంబీ పడుతుంది. మన యంత్రాల్లో గ్రాఫిక్స్ చిప్‌కు విడిగా మెమరీ లేదు, ఉన్న 4 జీబీలోంచే అదీ వాడుకోవాలి. అందుకే ఫొటోను కార్డుకు తగినంత చిన్నది చేసి పెట్టడం, పక్కన తెరిచిన వీడియోల ట్యాబులు మూయడం ఇప్పుడు మొదటి పాఠంలోనే చెబుతున్నాం. షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఏ ట్యాబ్ ఎంత తింటోందో క్రోమే చూపిస్తుంది.

ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాం. నీ చెయ్యి బాగానే ఉందమ్మా, మేమే చూసుకోలేదని వాళ్లమ్మ ముందే చెప్పాం. వారానికి మూడు రోజులు వస్తోంది. మానేసిన ఆ నెలలు మాత్రం మేము తిరిగివ్వలేం.

ఇక డబ్బు సంగతి. పది కంప్యూటర్ల కోసమని ముగ్గురు దాతలు ఇప్పటికే ఇచ్చారు. అది ఖర్చు కాలేదు, బ్యాంకులోనే ఉంది. ఇప్పుడు మాకు కావలసింది 12 యంత్రాలకు తలా ఒక 4 జీబీ ర్యామ్, ఆ పాత రెండింటి బదులు రెండు కంప్యూటర్లు, అంతే. కంప్యూటర్ల పేరు మీద మీరిచ్చింది అమానత్. మిమ్మల్ని అడగకుండా ర్యామ్‌కు గానీ మరో పద్దుకు గానీ మళ్లించే హక్కు మాకు లేదు. మిగిలేది వెనక్కి తీసుకుంటారో, ఇక్కడే ఉంచమంటారో ఆ ముగ్గురూ భోజనాలయ్యాక ఖజానాదారు గారికి ఒక మాట చెప్పగలరు.