తరగతిలో మొదటి నవ్వు

ఈ రోజు బీఈడీ పట్టాలు అందుకుంటున్న టీచర్లందరికీ అభినందనలు. ఉద్యోగం రాకముందే టీచర్లంటాడేమిటి ఈయన అని వెనక వరుసలో ఎవరో గొణుగుతున్నారు. టెట్ ఉంది, డీఎస్సీ ఉంది, అది ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. ఈలోగా మీలో చాలామంది ఏదో ఒక ప్రైవేటు బడిలో చేరిపోతారు. ఎక్కడ చేరినా మొదటి రోజే మీ ముందు నలభై మంది పిల్లలు కూర్చుని ఉంటారు. వాళ్లలో ఒకణ్ణో ఒకమ్మాయినో మిగతావాళ్లు ఏడిపిస్తూ ఉంటారు. ఆ ఒక్కరి గురించీ, ఆ మిగతావాళ్ల గురించీ మాట్లాడదామని వచ్చాను.

ఇదే పని కాలేజీలో జరిగితే ర్యాగింగ్ అంటాం. దానికి మన ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. 2009లో యూజీసీ నిబంధనలూ వచ్చాయి. కాలేజీ గేటు దగ్గర బోర్డు, అడ్మిషనప్పుడు తల్లిదండ్రుల సంతకాలు, అన్నీ ఉన్నాయి. ఆరో తరగతిలో జరిగితే మాత్రం 'పిల్లలన్నాక మామూలే' అని వదిలేస్తాం. టిఫిన్ డబ్బా దాచేయడం, బ్యాగు మీద ఇంకు పోయడం, ఒంటి రంగును బట్టో కులాన్ని బట్టో పేరు పెట్టి పిలవడం, ఇప్పుడైతే ఫోన్లో ఫొటో తీసి క్లాసు గ్రూపులో పెట్టడం, ఇవన్నీ మన లెక్కలో అల్లరే. అలాంటి అల్లరికి బలైనవాడు సీనియర్ కాగానే ఏం చేస్తాడో చూడటానికి కాలేజీ గేటు దగ్గర బోర్డు పెట్టుకుని ఎదురుచూస్తాం.

నార్వే కూడా ఒకప్పుడు ఇలాగే వదిలేసింది. డాన్ ఒల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలోనే దీని మీద పరిశోధన చేసి పుస్తకం రాశారు. 1982 చివర్లో ఆ దేశపు ఉత్తర ప్రాంతంలో ముగ్గురు మగపిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తోటి పిల్లల వేధింపే అందుకు కారణమన్న వార్తతో దేశం ఉలిక్కిపడింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం దేశమంతటా కార్యక్రమం మొదలుపెట్టింది. బెర్గెన్ నగరంలో సుమారు 2,500 మంది పిల్లల్ని గమనించిన ఒల్వేయస్, వేధింపులు దాదాపు సగానికి తగ్గాయని చెప్పారు. అక్కడ చేసిన పనులు చాలా సాదావి. తరగతిలో అందరూ ఒప్పుకున్న నాలుగు నియమాలు, వారానికోసారి పిల్లలతో కూర్చుని మాట్లాడటం, విరామ సమయంలో పెద్దవాళ్లు ఆటస్థలంలో ఉండటం. మన దగ్గర ఇంటర్వెల్ అంటే స్టాఫ్‌రూమ్‌లో టీ. ఆ పావుగంటలోనే పంపు దగ్గరా, మరుగుదొడ్ల వెనకా జరగవలసినవన్నీ జరిగిపోతాయి.

మామూలు కొట్లాటకూ వేధింపుకూ తేడా ఎలా తెలుస్తుందంటారా? దానికీ ఒల్వేయస్ చెప్పిన మూడు గుర్తులున్నాయి. కావాలని చేయడం, పదేపదే చేయడం, బలాబలాలు సమానంగా లేకపోవడం. ఇద్దరు సమఉజ్జీలు చొక్కాలు పట్టుకుంటే విడదీసి పంపండి, సాయంత్రానికి కలిసి గోళీలాడతారు. ఒకడు రోజూ ఒకడినే ఎంచుకుంటున్నాడంటే అది వేరే సంగతి.

ఇక్కడ అందరం చూసేది ఏడిపించేవాణ్ణీ, ఏడ్చేవాణ్ణీ. చుట్టూ నిలబడ్డవాళ్లను ఎవరూ చూడరు. కెనడాలో డెబ్రా పెప్లర్, వెండీ క్రెయిగ్, వాళ్ల సహచరులు టొరంటో బడుల ఆటస్థలాల్లో పిల్లలకు చిన్న మైకులు తగిలించి, దూరం నుంచి వీడియో తీశారు. 2001లో వచ్చిన లెక్క ఇది: వేధింపు జరిగిన నూటికి 88 సందర్భాల్లో తోటి పిల్లలు అక్కడే ఉన్నారు. అడ్డుపడింది 19 సందర్భాల్లోనే. కానీ ఎవరైనా అడ్డుపడినప్పుడు సగానికి మించిన సార్లు పది సెకన్లలోపే ఆగిపోయింది! పది సెకన్లంటే మనం హాజరుపట్టీలో రెండు పేర్లు పిలిచే సమయం.

ఫిన్లాండ్‌లో క్రిస్టినా సాల్మివల్లి ఈ చుట్టూ ఉన్నవాళ్లనే ఇంకా దగ్గరగా చూశారు. కొందరు వేధించేవాడికి చేయి అందిస్తారు, కొందరు నవ్వుతారు, కొందరు తలతిప్పుకుంటారు, బాధపడేవాడి పక్షాన నిలిచేది కొద్దిమందే. తుర్కు విశ్వవిద్యాలయంలో తయారైన కివా అనే కార్యక్రమం 2009 నుంచి ఆ దేశపు బడుల్లోకి వెళ్లింది. అందులో ఒక ఉపాయం నాకు బాగా నచ్చింది. తరగతిలో అందరూ ఇష్టపడే ఇద్దరు ముగ్గురు పిల్లల్ని టీచరు విడిగా పిలిచి, ఫలానావాడి పక్కన కాస్త ఉండండర్రా అని అడుగుతారు. అంతే. మన తరగతుల్లోనూ అలాంటి పిల్లలుంటారు. వాడు ఏ ఆట మొదలుపెడితే అందరూ అదే ఆడతారు. వాడు నవ్వకపోతే తరగతి సగం నవ్వదు.

కానీ మొదట నవ్వేది వాడు కూడా కాదు. చాలాసార్లు మనమే. నల్లబల్ల దగ్గర నిలబడి లెక్క చేయలేకపోయినవాణ్ణి చూసి మనం విసిరిన మాటకు తరగతి గొల్లుమంటుంది. అది మనకు చిన్న విజయంలా అనిపిస్తుంది కూడా, పిల్లలు మన పాఠాన్ని ఆనందిస్తున్నారని. ఆ మాటే మర్నాటి నుంచి వాడి పేరైపోతుంది. టీచరే అన్నాక ఇంకెవరైనా అనవచ్చు.

మీలో చాలామంది 'రైలుబడి' చదివే ఉంటారు. జపాన్‌లో తెత్సుకో కురొయనాగి 1981లో ప్రచురించిన 'తొత్తోచాన్' మనకు ఆ పేరుతోనే పరిచయం. అందులో తకహాషి అనే అబ్బాయి ఉంటాడు, ఒళ్లు ఎదగడం ఆగిపోయిన పిల్లవాడు. ఒకరోజు టీచరు మనుషులకు ఒకప్పుడు తోకలుండేవని పాఠం చెబుతుంది. పిల్లలంతా సరదాపడుతుంటే, నీకింకా తోక ఉందా అని తకహాషిని అడుగుతుంది. ఆమెకు ఏ దురుద్దేశమూ లేదు. హెడ్మాస్టర్ కొబయాషి ఆమెను వంటగదిలోకి పిలిచి కోప్పడతాడు. ఆ పిల్లవాడి విషయంలో తను ఎంత జాగ్రత్తపడుతున్నదీ ఆమెకు గుర్తు చేస్తాడు. స్టాఫ్‌రూమ్‌లో కాకుండా వంటగదిలో ఎందుకంటే, మిగతా టీచర్ల ముందు ఆమెను చిన్నబుచ్చకూడదని. పిల్లవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేయవద్దని చెప్పడానికి, టీచరును కూడా నలుగురిలో నవ్వులపాలు చేయని హెడ్మాస్టర్లు ఎంతమంది ఉంటారో మీరు ఉద్యోగంలో చేరాక లెక్కపెట్టండి.

మన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం చాలా బడుల్లో పోయింది. నోరు మాత్రం ఉంది. మార్కుల ప్రకారం సెక్షన్లు విడదీసి, చివరి సెక్షన్ పిల్లల్ని పిల్లలే ఒక పేరుతో పిలిచే బడుల్లో, సోమవారం అసెంబ్లీలో ర్యాంకులు చదివే బడుల్లో, మర్యాదగా ఉండండర్రా అని పిల్లలకు చెప్పడం తేలికే. వాళ్లు వినరు. బడి చేసేదే వాళ్లూ చేస్తున్నారు కదా.

ఆత్మగౌరవం అనే మాట ఈ మధ్య బాగా వినిపిస్తోంది. సమస్య ఏదైనా ఒక మోటివేషన్ స్పీకర్ని పిలిచి, పిల్లలందరి చేతా 'నేను గొప్పవాణ్ణి' అని అరిపిస్తే సరిపోతుందనుకుంటున్నాం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1986లో ఏకంగా దీనికోసం ఒక ప్రభుత్వ సంఘాన్నే వేసింది, జనంలో ఆత్మగౌరవం పెరిగితే నేరాలూ మత్తూ తగ్గుతాయని. తర్వాత రాయ్ బౌమైస్టర్, ఆయన సహచరులు అంతవరకూ జరిగిన పరిశోధనలన్నీ తిరగేసి 2003లో చెప్పిందేమిటంటే, ఉత్తినే పెంచిన ఆత్మగౌరవం వల్ల అలాంటి మేలేమీ జరగడం లేదని. ఏడిపించేవాళ్లలో చాలామందికి తమ మీద తమకు చిన్నచూపేమీ లేదని ఒల్వేయస్ అంతకుముందే గమనించారు. పైకి రౌడీ, లోపల బెరుకు అని సినిమాల్లో చూపించేది అందరి విషయంలో నిజం కాదు. వాడికి పొగడ్త ఇంకాస్త ఎక్కువ పోసి ప్రయోజనం లేదు.

మరి బాధపడేవాడికి? వాడికి పొగడ్త కంటే ముందు తరగతిలో ఒక స్థానం కావాలి. కొబయాషి ఆ పని ఆటల పోటీలతో చేశాడు. గుడ్డతో కుట్టిన పెద్ద చేప నోట్లోంచి దూరి తోకలోంచి బయటికి పాకే పందెం, పొట్టి మెట్లను ఒక్కొక్కటే ఎక్కే పందెం పెట్టాడు. పొడుగు కాళ్లవాళ్లు తడబడ్డారు. తకహాషి అన్నింట్లోనూ గెలిచాడు. బహుమతులు కూరగాయలు!

మన దగ్గర జరిగినదొకటి చెబుతాను. నేను పనిచేసిన ఒక జిల్లా పరిషత్ బడిలో ఏడో తరగతి అబ్బాయికి నత్తి ఉండేది. పాఠం పైకి చదవడానికి వాడి వంతు వస్తే ఊపిరి బిగబట్టేవాడు, వెనకనుంచి ఎవరో వాణ్ణి అనుకరించేవారు. మా తెలుగు పండితులు గారు ఎవర్నీ తిట్టలేదు. కొన్నాళ్లు పాఠం ఇద్దరిద్దరి చేత కలిపి చదివించారు, తరగతి మొత్తం. జంటగా చదివితే వాడికి నత్తి రాలేదు. నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి ఇంకొకరితో గొంతు కలిపినప్పుడు, పాడినప్పుడు మాట తడబడదు, ఇది వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. ఆ తర్వాత పద్యాలు రాగయుక్తంగా చదవడం మొదలుపెట్టించారు. వాడి గొంతు బాగుండేది, అది అంతవరకూ ఎవరూ వినలేదు. వార్షికోత్సవానికి పద్యం ఎవరు చదవాలన్న మాట వస్తే తరగతే వాడి పేరు చెప్పింది. నత్తి పోలేదు. అనుకరించేవాళ్లు తగ్గిపోయారు.

ఎదుటివాడి బాధ తెలుసుకోవడం కూడా ఉపన్యాసాలతో రాదు. టొరంటోలో మేరీ గోర్డన్ 1996లో మొదలుపెట్టిన 'రూట్స్ ఆఫ్ ఎంపతీ' కార్యక్రమంలో ఆ ఊళ్లోని ఒక నెలల పాప తల్లితోనో తండ్రితోనో ఏడాదిలో తొమ్మిదిసార్లు తరగతికి వస్తుంది. ఆకుపచ్చ దుప్పటి పరిచి పడుకోబెడతారు. పాప ఎందుకు ఏడ్చింది, ఇప్పుడెలా ఉంది అని పిల్లలు కనిపెట్టాలి. మాటలు రాని మనిషి మనసు చదవడం అలవాటయితే మాట్లాడలేక ఊరుకున్న క్లాస్‌మేట్ ముఖం చదవడం కష్టమేమీ కాదు. మన బడుల్లో అంగన్‌వాడీ చాలాచోట్ల అదే ఆవరణలో ఉంటుంది. గోడకు అటుపక్కే ఉన్న ఆ చిన్నపిల్లల దగ్గరకు తొమ్మిదో తరగతి మగపిల్లల్ని వారానికో గంట పంపడానికి ఏ జీవో అక్కర్లేదు.

చివరగా ఒక్క మాట, మీకు తప్పకుండా పనికొచ్చేది. ఏదో ఒకరోజు ఇంటర్వెల్ అయ్యాక ఒక పిల్లవాడు మీ బల్ల దగ్గరకొచ్చి, 'సార్, వాళ్లు నన్ను' అని మొదలుపెట్టి ఆగిపోతాడు. చాడీలు చెప్పకు అనే మాట మీ నోటిదాకా వస్తుంది, మన టీచర్లు మనకు అదే నేర్పారు. దాన్ని ఆపుకోండి. అందరి ముందూ 'ఎవర్రా వాడు?' అని గదమాయించకండి, సాయంత్రం బడి గేటు బయట దాని ఫలితం ఆ పిల్లవాడే అనుభవిస్తాడు. విడిగా కూర్చోబెట్టుకుని పూర్తిగా వినండి. ఏడిపించినవాళ్లలో ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడండి, గుంపుగా పిలిస్తే గుంపుగానే అబద్ధమాడతారు. అక్కడితో పనైపోయిందనుకోకండి. వారం పోయాక ఆ పిల్లవాణ్ణి మళ్లీ పిలిచి, 'ఇప్పుడెలా ఉందిరా?' అని అడగండి. రెండు వారాల తర్వాత ఇంకోసారి అడగండి. మొదటిసారి 'బాగానే ఉంది సార్' అంటాడు. రెండోసారి అడిగినప్పుడు నిజం చెబుతాడు.