పాత పనిముట్లకు క్రొత్త పని
(గోపాలపట్నమున జరిగిన విశ్వబ్రాహ్మణ వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



మహాసభలయందు వంశకీర్తి నెత్తుకొని మాటలాడుట పరిపాటి. మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులను స్మరించి నమస్కరించి, మేము నేడు కొలిమిశాల మూలనున్న దాగలిని, సమ్మెటను, పటకార్లను, ఆకురాళ్లను గూర్చి ముచ్చటింప దలంచితిమి. అవి మన యిండ్లలో నెట్లున్నవి? దసరాకు పసుపుకుంకుమల నందుకొనుచున్నవి. తక్కిన దినములలో త్రుప్పు పట్టుచున్నవి. ఒకనాడు పాతయినుము బండి వాకిట నిలువగా కిలోల లెక్కను పోవుచున్నవి. తాతగారి దాగలియు, విరిగిన కిటికీ చువ్వయు నొకే త్రాసున నొకే ధరకు తూగుట మాకు బాధాకరముగా నున్నది.

పూర్వము పల్లెలలో కమ్మరి నాగటికఱ్ఱు సాగగొట్టి, కొడవలికి కక్కు పెట్టి, గునపమునకు మొన తీర్చి, కోతలనాడు కళ్లములో మేర కొలిపించుకొనెడివాడు. 1933లో విశాఖ రేవు తెఱవబడెను. 1941లో నౌకానిర్మాణశాలకు పునాది పడెను. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగి, 1992లో నది జాతి కంకితమయ్యెను. పొలములు కాలనీలయ్యెను; నాగటి తావున ట్రాక్టరు వచ్చెను. మనవా రనేకులు ఫిట్టర్లును వెల్డర్లును అయిరి. ఇది కీడని మేమనము. నెలజీతము మేరకంటె నమ్మకమైనది. కాని యుక్కునగరమున నుండియు తన పనిముట్ల యుక్కును తుక్కుగా నెంచుట వింతగా నున్నది.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకము కమ్మరితో గూడ 18 వృత్తులవారికి శిక్షణయు, పనిముట్లకై 15,000 రూపాయల వరకు సాయమును, 5 శాతము వడ్డీకి ఋణమును కల్పించినది. క్రొత్తవి రావలసినదే. అవి వచ్చిన యింట పాతవి యేమగునన్నదే మా ప్రశ్న.

ముందుగా ఆకురాతిని జూడుడు. పండ్లరిగినంతనే పారవేయుదురు. అరిగినవి పండ్లే గాని యుక్కు గాదు. మంచి ఆకురాతిలో నూటికి ఒకపాలు, ఒక్కొక్కప్పు డంతకు కొంచె మెక్కువగా, కర్బన ముండును. ఇట్టి కర్బన మధికముగా గల యుక్కును మన తెలుగునేలనే, నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున, మూసలలో కరగించి చేసిరి. పారసీక వర్తకు లచ్చటికి వచ్చి దానిని కొనిపోయిరి. కత్తికి కోరదగిన యుక్కు అట్టిదే. దానిని మనము పిడితోసహా తుక్కులో వేయుచున్నాము!

అయితే చౌకగా దొరకు కొన్ని ఆకురాళ్లకు పైపొర మాత్రమే గట్టిదై యుండును. సానచక్రమున పైపొర దాటునట్లు ఒరసి చూడుడు. నిప్పురవ్వలు చెట్టుకొమ్మలవలె చీలి విరివిగా పూచినచో నది మంచి యుక్కు. పొడుగు గీతలుగా సాగిపోయినచో మెత్తని యినుము.

పరీక్షకు నిలిచినదానిని ఎఱ్ఱగా కాల్చి, పొడిబూడిదలో పూడ్చి, ఒక రాత్రి చల్లారనిండు. అది మెత్తబడును. ఈ పని చేయక సమ్మెటతో కొట్టరాదు. గాజువలె పగిలి తునక కంట బడవచ్చును. పిమ్మట పండ్లను పూర్తిగా ఒరసివేయవలయును. లేనియెడల సాగగొట్టునపుడు ఆ గాళ్లు లోపలికి మడతపడి, అక్కడనే పగుళ్లు పుట్టును. కత్తిగానో ఉలిగానో తీర్చిన తరువాత, అయస్కాంతము అంటని వేడిమి వచ్చువరకు కాల్చి నూనెలో ముంచవలయును. అంతటితో పని ముగియలేదు. ఒకప్రక్క మెఱుగుపెట్టి మెల్లగా మరల వేడిచేయగా రంగులు పరుగెత్తును. కత్తికి ఎండుగడ్డి రంగుకడ నాపవలయును. దెబ్బ తినవలసిన ఉలికి నేరేడుపండు రంగు రానీయవలయును. ఈ రంగులు పెద్దల కంటికి తెలియును. వేడిమి యంకెలు కంచరపాలెపు ఐ.టి.ఐ.లో చదివిన పిల్లలకు తెలియును. ఇరువురును ఒకే కొలిమికడ కూర్చుండుట నేడు లేదు.

అంచులు పుట్టగొడుగువలె విచ్చుకొన్న సమ్మెటను అట్లే వాడుట ప్రమాదము. ఆ యంచులు ఒరసి, ముఖమును గుండ్రముగా తీర్చి, అద్దమువలె మెఱుగుపెట్టి, మొద్దులో బిగించినచో, కంచరి సోదరుడు పాత్ర యడుగు చదును చేసికొనుటకు ఆధారమగును. కమ్మరికి కాలము చెల్లిన దాని కిట్లు కంచరియింట బ్రదుకు దొరకును. పంచవృత్తుల యైకమత్యమును గూర్చి వేదికలపై వినుచున్నాము గాని, ఈ విధమైన యిచ్చిపుచ్చుకొనుటలు మాకు హెచ్చుగా నచ్చును.

పటకారు మెత్తని యినుముతో చేసినది. మూతిని కాల్చి, నేటి చదరపు చువ్వకు తగినట్లు మార్చుకొనవచ్చును. దాగలిని మాత్రము తొందరపడి వెల్డింగు చేయింపకుడు. ముఖమున కెక్కిన పదను ఆ వేడికి చెడును. అంచు విరిగినను నడిమి చదును గేటు చువ్వలు సరిచేయువానికి చాలును. రైలుపట్టా ముక్క చిన్న దాగలిగా బాగుగా పనిచేయును. అయితే మనము సింహాచలము స్టేషను ప్రక్కనే యున్నాము. రైల్వే సొత్తును అక్రమముగా కలిగియుండుట 1966 నాటి చట్టముచే నేరము. రసీదు లేని ముక్కను తాకకుడు.

తోలుతిత్తులకు క్రొత్త పని వెదకుట వృథా. వాటి పనిని గాలిపంకా చేయుచున్నది. పిల్లలు చూచుటకు ఒక జతను సంఘమున నుంచినచో చాలును. తెనాలిలో కాటూరి వేంకటేశ్వరరావు, రవిచంద్ర అను శిల్పులు పాతయినుముతో నిలువెత్తు విగ్రహములు నిర్మించి పేరు గడించిరి. బోల్టులకును, అరిగిన పండ్లచక్రములకును అది మంచి గతియే. కాని యింకను దెబ్బకు నిలువగల సుత్తిని బొమ్మ చేతిలో అతికించుట మా కిష్టము లేదు.

కావున పాతయినుము బండికి వేయుటకు ముందు, ప్రతి పనిముట్టును ఒక్కసారి సంఘమునకు చూపవలసినదిగా కోరుచున్నాము. నెలకొక ఆదివారము సంఘపు ఆవరణలో కొలిమి వెలిగించుటకు బొగ్గు ఖర్చు మేము భరింతుము. కన్నులకు అద్దములు ధరింపనివారిని దాగలికడకు రానీయము. ఆకురాళ్లు తెచ్చువారు పిడులు ఊడదీసి వేరుగా తెండు. వడ్రంగి సోదరులు వాటిని క్రొత్త ఉలులకు బిగించి యిత్తురు.