చందా అడగడం ఎలా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకునే రోజిది. పెన్షను యజమాని దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. అయితే సంఘం పనుల కోసం బజారులో మనం అడిగే విరాళం మాత్రం హక్కు కాదు. అది ఇచ్చేవారి ఇష్టం. ఈ తేడా గుర్తుంచుకుంటే సగం పని అయినట్లే.

నాకీ తేడా ఆలస్యంగా తెలిసింది. 1978లో ఒక ఆఫీసులో కొత్త గుమస్తాను. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం. సెక్షనుకు ఇన్ని జెండాలని పంచారు. ఒక బట్టల వ్యాపారి తన ఫైలు కోసం వచ్చాడు. ఫైలు నా బల్ల మీదే ఉంది. దాని పక్కన జెండాలు పెట్టాను. ఎన్ని, ఎంత అని కూడా అడక్కుండా ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. మంచి పనికే కదా అనుకుని సరిపెట్టుకున్నాను.

రిటైరయ్యాక మన చలివేంద్రం కోసం అదే కొట్టు మెట్లెక్కాను. ఆయన గుర్తుపట్టాడు. "గుమస్తా గారూ! ఆనాడు మీరు అడగలేదు, నేను ఇవ్వలేదు. ఫైలు ఇప్పించింది. ఇవాళ అడుగుతున్నారు. చెప్పండి, ఏం కావాలి?" అన్నాడు. నాకు తలెత్తి చూడ బుద్ధి కాలేదు. ఆ వేసవంతా నీళ్లు పోసే కుర్రవాడి కూలి ఆయనే ఇచ్చాడు. రసీదు మాత్రం అడిగి తీసుకున్నాడు.

ఇక పద్ధతి సంగతి. ముందు మన కాగితాలు సరిగా ఉండాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, కిందటేడు ఆడిట్ అయిన లెక్కలు, సంఘం పేర బ్యాంకు ఖాతా ఉండాలి. ఒక్క పేజీ ఉత్తరం చాలు. ఏం పని, ఏ తేదీ, ఎందరికి ఉపయోగం, మొత్తం ఖర్చెంత, అందులో మన సభ్యులు వేసుకున్నదెంత, వారినుంచి కోరేదెంత అన్నవి రాయాలి. మన జేబులోంచి తీయకుండా ఎదుటివారి జేబు చూడకూడదు. "మీకు తోచినంత" అంటే ఇచ్చేవారికి అదో ఇబ్బంది. అంకె చెప్పండి.

ఇద్దరు వెళ్తే చాలు. పదిమంది వెళ్తే అది దండయాత్ర. బోణీ కాకముందు, దీపాలు పెట్టే వేళ, పండగ రద్దీలో వెళ్లవద్దు. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక వెళ్లండి.

మన పెన్షను ఎక్కడ ఖర్చవుతుందో అక్కడ ముందు అడగండి. మందుల షాపు, కిరాణా కొట్టు, టిఫిన్ హోటలు. డబ్బే కానక్కర లేదు. మందుల షాపువారు వైద్య శిబిరానికి షుగరు పరీక్ష స్ట్రిప్పులిస్తారు. హోటలువారు ఇడ్లీలు పంపుతారు. ప్రెస్సువారు కాగితం ఖరీదుకే సంచిక అచ్చు వేస్తారు. చేతిలో ఉన్న సరుకు ఇవ్వడం వ్యాపారికి సులువు.

పది రూపాయలైనా నంబరున్న రసీదు ఇవ్వాలి, కౌంటర్‌ఫాయిల్ దాచాలి. 80జి అని మనందరం పిలిచే పన్ను మినహాయింపు ఉందా అని కొందరు అడుగుతారు. రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన అది రాదు. ఆదాయపు పన్ను శాఖ ఆమోదం వేరే ఉండాలి. లేకుంటే లేదనే చెప్పండి. ఉన్నా, రెండు వేలు దాటిన నగదుకు 2017 నుంచి ఆ మినహాయింపు లేదు. చెక్కు గానీ, ఖాతాకు జమ గానీ కోరండి. ప్రత్యేక సంచికలో ప్రకటన ఇస్తే అది విరాళం కాదు, వారికి ప్రచార ఖర్చు. రసీదులో అలాగే రాయండి.

ఒక హెచ్చరిక. ఉచిత శిబిరం పెడతామంటూ మన సభ్యుల ఫోన్ నంబర్ల జాబితా అడిగేవారుంటారు. ఎక్కువ వడ్డీ అని డిపాజిట్ల కోసం సభలో మాట్లాడనివ్వమనేవారూ ఉంటారు. పెన్షనరుకు ఒకసారి సొమ్ము పోతే మళ్లీ సంపాదించే వయసు కాదు. వారిచ్చే బ్యానరు కన్నా మనవారి గ్రాట్యుటీ ముఖ్యం. నమస్కారం పెట్టి లేచి రండి.

కాదన్నవారికీ అంతే నమస్కారం పెట్టండి. ఆ కొట్లో సరుకు కొనడం మానవద్దు. ఇచ్చినవారికి పని అయిన వారంలోగా లెక్క పంపండి. మిగిలితే ఎంత మిగిలిందో రాయండి. మరుసటేడు మనం గుమ్మం ఎక్కగానే కుర్చీ వేయించేది ఆ లెక్క కాగితమే.

ముప్పై ఏళ్లు కుర్చీలో కూర్చుని పని చేశాం. ఆ కుర్చీ లేకుండా అడిగినప్పుడు ఎదుటి మనిషి ఇచ్చేదే నిజమైన విరాళం. అది తీసుకోవడానికి సిగ్గుపడనక్కర లేదు. దాని లెక్క చెప్పకపోతేనే సిగ్గుపడాలి.