అంగన్‌వాడి గడపలో మన బిడ్డలు
(కోలారు ప్రాంతపు తెలుగువారి సభలో చేసిన ప్రసంగము)



అంగన్‌వాడి అనగా ఒక గది, ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు, మూడేండ్లు మొదలు ఆరేండ్ల లోపు పసివారు. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకముచే ఇవి వెలసినవి. అన్నముతోపాటు ఆటపాటలలో అక్కడ తొలిచదువు నేర్పుదురు. శ్రీనివాసపురము, బాగేపల్లి వైపు పల్లెలలో ఆ గడప త్రొక్కు బిడ్డలలో పెక్కురు ఇంట తల్లితో మాటలాడునది తెలుగే.

ఆ బిడ్డలందరు ఒక్క తీరువారు కారు. తరతరములుగా ఇచ్చట సేద్యము చేయువారి బిడ్డలు కొందరు. అనంతపురము, చిత్తూరు సీమలనుండి కూలికై వచ్చినవారి బిడ్డలు కొందరు. ఇంట రెండు భాషలును వినువారు మరికొందరు. కలిగినవారిలో అనేకులు తమ పిల్లలను ఇంగ్లీషు కాన్వెంటులకు పంపుచున్నారు. కావున ఈ లెక్క ముఖ్యముగా పేదల బిడ్డల లెక్క.

లెక్క ఏల? 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఒక నియమమును అంగీకరించినది. ప్రాథమిక పాఠశాలలో ఒక భాషవారు నలుబదిమంది గాని, తరగతిలో పదిమంది గాని ఉన్నయెడల ఆ భాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెను. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము మాతృభాషలో ప్రాథమిక బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని ప్రభుత్వములను ఆదేశించుచున్నది.

ఒక అంగన్‌వాడినుండి పన్నెండుమంది తెలుగు బిడ్డలు ఒకటవ తరగతిలో చేరిరనుకొందము. బడిలో తెలుగువారు వేరెవరును లేరు. ముగ్గురి తండ్రులు మాతృభాష గడిలో కన్నడమని వ్రాయించిరి. మిగిలినది తొమ్మిదిమంది. నియమము వర్తింపదు. వ్రాయించినవారు ముగ్గురు, నష్టము పన్నెండుమందికి!

ఆ తండ్రులను నేను నిందింపను. తెలుగని వ్రాసినచో బిడ్డ వెనుకబడునేమో యని వారి భయము. మాతృభాషను మాతృభాషయని చెప్పుట కన్నడమును కాదనుట కాదు. కన్నడము మనకు అన్నము పెట్టు భాష. మన బిడ్డలు దానిని చక్కగా నేర్చి తీరవలెను. తెలిసిన భాష ఊతగా తెలియని భాష సులభముగా వచ్చును. 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము మూడేండ్ల ప్రాయమునుండి ఇంటిభాషకు పెద్దపీట వేసినది.

కావున నా మనవి యిది. బడులు తెరచుటకు మునుపే ప్రతి గ్రామమున ఇద్దరు సోదరీమణులు తెలుగు ఇండ్లకు పోవలెను. ఒకటవ తరగతికి వచ్చు బిడ్డలెందరో వ్రాసికొని, తల్లులకు ఈ పదిమంది నియమమును వివరింపవలెను. కార్యకర్త సమ్మతించినచో వారమున కొకనాడు అంగన్‌వాడిలో తెలుగు కథ చెప్పవలెను. వచ్చే సభకు ఆ లెక్కలు తెండు. అర్జీ మనమందరము కలిసి వ్రాయుదము. సెలవు.